టవరు మీదా, పరిమితి మీదా?

చి. శైలజకు,

మామయ్య ఆశీస్సులు. మీ దగ్గరి సెల్ టవరు రేడియేషన్ మీద నువ్వు పంపిన పిటిషన్ ముసాయిదా రెండుసార్లు చదివాను. అరవై పేజీల్లో నలభై పత్రికల కత్తిరింపులే ఉన్నాయి. ప్రభుత్వాన్ని నువ్వు ఏమడిగావో, వాళ్లు ఏం చెప్పారో తెలిపే కాగితం ఒక్కటీ లేదు. నేనూ ప్రాక్టీసు మొదట్లో ఒక మురుగుకాలువ కేసులో ఇలాంటి కట్టతోనే వెళ్లాను. న్యాయమూర్తి కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "మీరు అధికారులకు ఇచ్చిన అర్జీ ఏ పేజీలో ఉంది?" అని అడిగారు. పేజీలు తిప్పుతూ నిలబడిపోయాను. అర్జీ ఇస్తేగా!

2021లో వచ్చిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టుకుని చూడు. జూన్ 4న ఢిల్లీ హైకోర్టు, 5జీ మీద నటి జూహీ చావ్లా, మరో ఇద్దరు వేసిన దావాను తోసిపుచ్చి, ఖర్చుల కింద 20 లక్షల రూపాయలు కట్టమంది. ముందు ప్రభుత్వాన్ని అడగకుండా నేరుగా వచ్చారనీ, ప్రభుత్వం మీద దావాకు ముందు ఇవ్వాల్సిన సెక్షన్ 80 నోటీసు ఇవ్వలేదనీ, కోర్టు ఫీజు సరిగా కట్టలేదనీ తప్పుబట్టింది. (ఆన్‌లైన్ విచారణలో ఎవరో ఆమె సినిమా పాటలు పాడారు కూడా. పేరున్న వాళ్లు ముందుంటే వచ్చే తిప్పలివి.) తర్వాతి జనవరిలో ఇద్దరు న్యాయమూర్తుల డివిజన్ బెంచ్ ఆ మొత్తాన్ని 2 లక్షలకు తగ్గించిందనుకో.

అదే ఏడాది ఆగస్టు 13న వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టులో అమెరికా పౌరులు గెలిచారు. అక్కడ టెలికాం రంగాన్ని నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1996 నాటి రేడియేషన్ పరిమితులను మార్చాలా అని 2013లో ప్రజాభిప్రాయం అడిగింది. జనం అధ్యయనాలు, అనుభవాలు కుప్పలుగా పంపారు. 2019లో కమిషన్ 'మార్చనక్కర్లేదు' అని ఫైలు మూసేసింది. పిల్లల సంగతేమిటి, ఏళ్ల తరబడి తగిలే ప్రభావం సంగతేమిటి, పర్యావరణానికి హాని సంగతేమిటి అన్నవాటికి సరైన జవాబే చెప్పలేదని కోర్టు ఇద్దరొకవైపు, ఒకరొకవైపుగా తేల్చి, మళ్లీ వివరణ ఇవ్వమని వెనక్కి పంపింది. క్యాన్సర్ విషయంలో మాత్రం కమిషన్ వివరణ చాలునంది. పరిమితి తప్పని అననే లేదు, శాస్త్ర వివాదంలో తలదూర్చనని స్పష్టంగా చెప్పింది. అడిగిన ప్రశ్నలన్నీ ముందే ఫైలులో ఉన్నాయి కాబట్టే వాళ్లు గెలిచారు.

ఇక నీ సంగతి. ముందు రుసుము కట్టి మీ టవరు రేడియేషన్ కొలిపించు. మన ప్రభుత్వం పెట్టిన పరిమితి దాటితే నీ పోరాటం ఆ టవరు మీద, అది సులువు. దాటకపోతే పరిమితి మీదే, అది కష్టం. రెండూ కలిపి రాయకు. నీ ముసాయిదాలో జరిగింది అదే. మన దేశంలో నియమమే లేదని రాశావు, ఆ వాక్యం వెంటనే కొట్టేయి. 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్లకు అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు పెట్టారు. ప్రభుత్వ న్యాయవాది లేచి మొదట చెప్పే మాట అదే.

సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు. అందులో 'ఎందుకు' అని అడగకు, అభిప్రాయాలు చెప్పే బాధ్యత వాళ్లకు లేదు. పదో వంతు నిర్ణయించిన ఫైలు నకలు, ఆ తర్వాత జరిపిన సమీక్షల నకళ్లు, ఇప్పుడు అమల్లో ఉన్న ఉత్తర్వు నకలు అడుగు. అవి చేతికొచ్చాక టెలికాం శాఖకు వినతిపత్రం రాయి. ప్రతి ప్రశ్నకూ అంకె వేయి. దేనికి జవాబు రాలేదో రేపు వేలుపెట్టి చూపించాలి.

2012 నవంబరులో బడులు, ఆసుపత్రుల దగ్గరి టవర్లు తీయమన్న రాజస్థాన్ హైకోర్టు తీర్పు జతచేశావు, మంచిదే. కానీ శాస్త్రీయ ఆధారం లేదని కేరళ హైకోర్టు కొట్టేసిన పిటిషన్ల మాట ఎత్తలేదు. వాటిని నువ్వే ముందు ప్రస్తావించి, నీ కేసు ఎలా వేరో చెప్పు. ఎదుటివాళ్లు తీసి చదివితే నువ్వు దాచినట్టు ఉంటుంది.

దరఖాస్తు అందిన రోజు నుంచి ముప్పై రోజులు లెక్కపెట్టుకో. జవాబు వస్తే కవరుతో సహా తీసుకురా. కవరు పారేయకు, తపాలా ముద్ర తేదీ దాని మీదే ఉంటుంది.

మామయ్య