కుక్కర్‌కు పైపు బిగించి బాబుకు ఆవిరి పట్టొచ్చా?

ప్రశ్న: నాకు విజయవాడలో చిన్న వెల్డింగ్ షాపు ఉంది. మా బాబుకు ఆరేళ్లు. నెల తిరక్కుండానే జలుబు చేస్తుంది. రాత్రిళ్లు దగ్గు, ఒక్కోసారి పిల్లికూతలు కూడా. కొన్న ఆవిరి మిషన్ కాలిపోయింది. అందుకని పాత కుక్కర్‌కు విజిల్ తీసేసి, అక్కడ గ్యాస్ పైపు బిగించి, చివర గరాటు పెట్టాను. రెండొందలు కూడా ఖర్చు కాలేదు. నీళ్లలో కర్పూరం వేస్తున్నాం. సోల్డరింగ్ ఐరన్‌ను రేకు డబ్బాలో అమర్చి, నీలగిరి తైలం ఆవిరయ్యేలా ఇంకోటి చేద్దామనుకుంటున్నాను. పక్కింట్లో నెబ్యులైజర్ మందు ఉంది. అది కుక్కర్ నీళ్లలో కలిపితే పని చేస్తుందా డాక్టర్ గారూ?

సలహా: ముందు ఆ కుక్కర్‌ను బాబు దగ్గర వాడడం ఈ రోజుతో ఆపేయండి. మీ పనితనం మీద అనుమానంతో చెప్పడం లేదు. మీరెంత గట్టిగా బిగించినా ఆ అమరికలోనే ప్రమాదం ఉంది.

ఆవిరి పైపులో వెళ్తూ చల్లబడి కొంత నీరుగా మారుతుంది. ఆ నీరు పైపు కిందికి వంగిన చోట చేరుతుంది. వెనకనుంచి ఆవిరి తోస్తూనే ఉంటుంది కాబట్టి, ఏదో ఒక క్షణంలో ఆ సలసల కాగే నీళ్లన్నీ ఒక్కసారిగా గరాటులోంచి చిమ్ముతాయి. ఆ సమయానికి గరాటు ముందు ఉండేది పిల్లాడి ముఖం. పైపు మడత పడినా, విజిల్ కూర్చునే రంధ్రంలో ఎప్పటిదో పప్పు మెతుకు అడ్డం పడినా కుక్కర్‌లో ప్రెషర్ పెరిగిపోతుంది. పాత సేఫ్టీ వాల్వ్ సమయానికి తెరుచుకుంటుందని నమ్మకం లేదు. గ్యాస్ పైపు కూడా మామూలు వేడిలో గ్యాస్ తీసుకెళ్లడానికి చేసింది. మరిగే ఆవిరికి రబ్బరు మెత్తబడుతుంది, బిగింపు ఊడొస్తుంది.

వేడినీళ్ల కంటే ఆవిరి ఎక్కువగా ఎందుకు కాలుస్తుందో చెబుతాను. ఒక గ్రాము మరిగే నీళ్లు ఒంటి వేడికి చల్లారేలోగా చర్మానికి ఇచ్చేది 60 కేలరీల పైచిలుకు వేడి. ఒక గ్రాము ఆవిరి అయితే చర్మానికి తగిలి నీరుగా మారేటప్పుడే 540 కేలరీలు వదులుతుంది. ఆ తర్వాత ఆ నీటి వేడి అదనం. 2020లో కరోనా భయంతో ఇళ్లలో ఆవిరి పట్టడం పెరిగినప్పుడు, కాలిన గాయాలతో వచ్చే పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగిందని బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రి వైద్యులు ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో రాశారు. ఎప్పుడైనా అలా కాలితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయండి. పేస్టు, ఇంకు, పసుపు, ఐసు ఏవీ పెట్టొద్దు. ముఖం కాలితే బొబ్బలు రాకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

కర్పూరం కూడా మానేయండి. పూజ గదిలో ఉండే వస్తువు కదా అని మనకు భయం ఉండదు గానీ, అది పిల్లల మెదడు మీద పని చేసే విషం. ఒక గ్రాము లోపు మింగినా ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆ బిళ్లలు బాబు చేతికి అందకుండా పెట్టండి. నీలగిరి తైలం మింగినా ఇంతే ప్రమాదం. వీటి ఘాటుకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, లోపలి వాపు మాత్రం తగ్గదు.

సోల్డరింగ్ ఐరన్ ఆలోచన పూర్తిగా వదిలేయండి. దాని మొన 300 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. తైలం ఆవిరి మండే గుణం ఉన్నది, డబ్బా అంటుకోవచ్చు. పైగా వాడిన ఐరన్ మొనకు నల్లగా అతుక్కుని ఉండే ఫ్లక్స్ (సోల్డర్ బాగా అతకడానికి వాడే పదార్థం) మళ్లీ వేడెక్కితే పొగ వస్తుంది. ఫ్లక్స్‌లోని రోజిన్ అనే చెట్టు జిగురు పొగ పీల్చి సోల్డరింగ్ పనివాళ్లకు ఆస్తమా వస్తుందన్నది వైద్యంలో బాగా తెలిసిన విషయమే. పాత సోల్డర్‌లో సీసం ఉంటుంది. ఆ వేడికి సీసం పెద్దగా ఆవిరి కాదు కానీ, దుమ్ముగా చేతులకు అంటి పిల్లల నోట్లోకి వెళ్తుంది. ఇప్పటికే పిల్లికూతలు వస్తున్న బాబు దగ్గర ఇవేవీ ఉండకూడదు. షాపు నుంచి వచ్చాక మీరు కూడా బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని బాబును దగ్గరకు తీసుకోండి.

నెబ్యులైజర్ మందు కుక్కర్‌లో పోస్తే పని చెయ్యదు. ఉప్పునీళ్లు మరిగిస్తే నీరు ఆవిరై ఉప్పు గిన్నెలోనే మిగిలినట్టు, ఆ మందూ కుక్కర్ అడుగునే ఉండిపోతుంది. నెబ్యులైజర్‌ను మనవాళ్లు ఆవిరి మిషన్ అనేస్తారు గానీ, అందులో వేడి చేసే పని లేదు. గాలి ఒత్తిడితో మందును సన్నటి తుంపరగా చేసి ఊపిరితిత్తుల దాకా పంపుతుంది. పక్కింటివాళ్ల మందు మోతాదు మీ బాబుకు సరిపోకపోవచ్చు కాబట్టి అలా వాడొద్దు కూడా.

అసలు చూడాల్సింది బాబు జబ్బును. బడికి వెళ్లే చిన్నపిల్లలకు ఏడాదిలో ఆరేడు సార్లు జలుబు చేయడం మామూలే. ఆవిరి పట్టినంత మాత్రాన అది తొందరగా తగ్గుతుందని పరీక్షల్లో నిలకడగా తేలలేదు. ముక్కులో సెలైన్ చుక్కలు, తాగడానికి గోరువెచ్చని నీళ్లు, పడుకునే ముందు ఒక చెంచా తేనె సరిపోతాయి. కానీ రాత్రి దగ్గు, పిల్లికూతలు పదే పదే వస్తున్నాయంటే ఆస్తమా ఉందేమో పిల్లల డాక్టరు చూడాలి. నోరు తెరుచుకుని గురక పెడుతుంటే అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) వాచాయేమో కూడా చూస్తారు. ఈలోగా ఇంట్లో దోమల చుట్ట, అగరుబత్తి, సాంబ్రాణి మానేయండి.

ఆస్తమా అని తేలి ఇన్‌హేలర్ రాస్తే దానికి స్పేసర్ కావాలి, అంటే ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య మందును కాసేపు పట్టి ఉంచే గొట్టం లాంటి డబ్బా. మీ పనితనం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పిల్లల వైద్యురాలు హెదర్ జార్ బృందం అర లీటరు ఖాళీ ప్లాస్టిక్ సీసాను స్పేసర్‌గా వాడి చూసింది. 1999లో ‘లాన్సెట్’లో వచ్చిన ఆ అధ్యయనంలో ఐదేళ్లు దాటిన పిల్లలకు అది కొన్న స్పేసర్‌తో సమానంగా పని చేసింది. ఇన్‌హేలర్ మూతి ఆకారంలో తీగను వంచి, కాల్చి, సీసా అడుగున అదిమితే రంధ్రం పడుతుంది. ప్లాస్టిక్ వేడి తగ్గకముందే ఇన్‌హేలర్‌ను అందులో దూర్చి, చుట్టూ సందు లేకుండా జిగురు పెట్టాలి. సందు మిగిలితే ఫలితం తగ్గుతుంది. ప్లాస్టిక్ కాలిన వాసన, జిగురు వాసన పూర్తిగా పోయాక, గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో సీసాను ముంచి, తుడవకుండా ఆరబెట్టండి. తుడిస్తే మందు సీసా గోడలకే అంటుకుంటుంది. సీసా మెడను బాబు పెదవులతో మూసి పట్టుకున్నాక ఇన్‌హేలర్‌ను ఒకసారి నొక్కండి, ఐదారు సార్లు మామూలుగా గాలి పీల్చి వదలాలి. తయారు చేసింది మీ డాక్టరుకు చూపించాకే వాడండి.

ఈలోగా బాబు డొక్కలు ఎగరేస్తున్నా, నిద్రలో నిమిషానికి 30 సార్లకు పైగా ఊపిరి తీస్తున్నా, ఆయాసంతో మాట మధ్యలో ఆగిపోతున్నా, పెదవులు నీలంగా మారినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా, రాత్రి ఎంత పొద్దుపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది.