స్పీకర్ మీద పేరు చూసి వేరియంట్ మార్చకు

చిరంజీవి శ్రీకాంత్‌కు మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. మధ్య వేరియంట్ తీసుకుందామని షోరూంకి వెళ్లినవాడివి, టాప్ వేరియంట్‌లో ఎనిమిది బోస్ స్పీకర్లు వినేసరికి మనసు అటు లాగిందన్నావు. రెండింటికీ తేడా రెండున్నర లక్షలు. పాటల కోసం అంత పెట్టడం సబబేనా అని అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. మారుతి 800 వెనక ట్రేకి కంతలు కోసి ఓవల్ స్పీకర్లు బిగించిన రోజుల నుంచి ఇదే పనిలో ఉన్నవాణ్ణి, కాబట్టి కాస్త పొడుగ్గా రాసినా ఓపిగ్గా చదువు.

మొదట డబ్బు సంగతి తేల్చుకుందాం. ఆ రెండున్నర లక్షలు స్పీకర్ల ఖరీదు కాదు. సన్‌రూఫ్, గాలి తగిలే సీట్లు, పెద్ద అలాయ్ చక్రాలు, 360 కెమెరా, డ్రైవర్‌కి సాయపడే ఏడాస్, వీటన్నిటితో కలిపి కట్టిన మూట అది. మన దగ్గర ఆడియో ఒక్కటే విడిగా ఇమ్మంటే చాలా కంపెనీలు ఇవ్వవు. లోన్ మీద తీసుకుంటే 9 శాతం వడ్డీకి, ఐదేళ్లకు, ఈ రెండున్నర లక్షలకే నెలకు 5,190 దాకా పడుతుంది. మొత్తం 3 లక్షల 11 వేలు దాటుతుంది. పైగా లైఫ్ ట్యాక్స్ కారు ధర మీద శాతం లెక్కన కడతాం. ధర పది లక్షలు దాటినా, ఇరవై లక్షలు దాటినా ఆ శాతం కూడా పెరుగుతుంది. ఇన్సూరెన్సూ చాలావరకు ధరను బట్టే. మూటలో మిగతా వస్తువులు నీకు నిజంగా కావాలా? కావాలంటే టాప్ తీసుకో, ఆడియో ఎలాగూ దాంతో వస్తుంది. స్పీకర్లు తప్ప ఇంకేమీ అక్కర్లేదంటే మాత్రం అది చాలా ఖరీదైన పాట అవుతుంది అల్లుడూ.

ఇక పేర్ల విషయం. జేబీఎల్, ఇన్ఫినిటీ, హర్మన్ కార్డన్ మూడూ హర్మన్ అనే ఒకే కంపెనీవి. ఆ హర్మన్‌ను 2017లో శాంసంగ్ కొనేసింది. జర్మన్ కార్లలో కనిపించే బ్యాంగ్ అండ్ ఓలుఫ్సెన్ కారు ఆడియో వ్యాపారం కూడా 2015 నుంచి హర్మన్ చేతిలోనే ఉంది. అంటే స్పీకర్ గ్రిల్ మీద ఏ పేరుందనేది నువ్వనుకున్నంత ముఖ్యం కాదు. కార్ల కంపెనీ "ఈ కారుకి ఇంతలో చేసివ్వండి" అంటుంది, వీళ్లు అంతలో చేస్తారు. అదే పేరున్న ఇంటి స్పీకర్‌కీ, కారు తలుపులో ఉన్న స్పీకర్‌కీ చుట్టరికం పేరు వరకే అనుకో.

అలాగని అది మోసమని నేననను. కంపెనీ వాళ్లు చేసే పనిలో ఒకటి మాత్రం బయట షాపులో అంత తేలిగ్గా రాదు. నువ్వు కారులో మధ్యలో కూర్చోవు, కుడి పక్కన కూర్చుంటావు. కుడి తలుపు స్పీకర్ నీ మోకాలి దగ్గరుంటే ఎడమది అవతలి తలుపులో, నీ చెవికి అరమీటరు దాకా ఎక్కువ దూరంలో ఉంటుంది. శబ్దం మిల్లీసెకనుకి దాదాపు 34 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి ఎడమ స్పీకర్ శబ్దం నీ చెవికి ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఆ కాస్తకే గాయకుడి గొంతు డ్యాష్‌బోర్డ్ మధ్యలోంచి కాకుండా కుడి తలుపులోంచి వస్తున్నట్టు ఉంటుంది. మంచి సిస్టమ్‌లో డీఎస్పీ అనే చిప్ దగ్గరి స్పీకర్‌ని కొంచెం ఆపి వదులుతుంది. ఆ కారు అద్దాలు, సీట్లు, డ్యాష్‌బోర్డ్ శబ్దాన్ని ఎక్కడ మింగుతున్నాయో, ఎక్కడ తిరగ్గొడుతున్నాయో మైకులు పెట్టి కొలిచి సర్దుతారు. షోరూంలో నీకు నచ్చింది చాలావరకు ఈ సర్దుబాటే. ఎనిమిదా పన్నెండా అన్న లెక్క కంటే ఇదే విలువైనది. ఓ చిన్న చిక్కుంది. సెట్టింగ్ డ్రైవర్ సీటుకి పెడితే పక్కన కూర్చున్న అమ్మాయికి పాట వంకరగా వినిపిస్తుంది. అందుకే టెస్ట్ డ్రైవ్‌లో తననీ అడుగు.

ఇప్పుడు నీ దారి చూద్దాం. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి. ఏసీ ఫ్యాను గోల, పక్కన బస్సు హారను, ఐదు నిమిషాలకోసారి నావిగేషన్ అమ్మాయి, మధ్యలో ఆఫీసు కాల్స్. ఈ గోలలో బోస్ ఏంటి, మామూలుది ఏంటి? నెలకో రెండు నెలలకో నేషనల్ హైవే 65 పట్టుకుని ఇక్కడికి వస్తావు చూడు, నువ్వు నిజంగా పాటలు వినేది అప్పుడే. కానీ గంటకు 80, 90 మీద టైర్ల రొద మొదలవుతుంది. అది లోతైన శబ్దం. మొదట మింగేది పాటలోని లోతునే. డోలు, డప్పు, మృదంగంలో ఎడమచేతి దెబ్బ అన్నీ దాని కింద పడిపోతాయి. బేస్ సరిపోవడం లేదని నువ్వు మీట తిప్పుతావు, గొంతు బురదగా మారుతుంది. అక్కడ కావలసింది పెద్ద స్పీకర్ కాదు, నిశ్శబ్దం.

అందుకే నేను డబ్బు మొదట తలుపుల మీద పెట్టమంటాను. ఇంట్లో స్పీకర్ చెక్కపెట్టెలో ఉంటుంది. కారులో దాని పెట్టె తలుపే. ఆ తలుపు ఏముంది, పల్చటి రేకు, మధ్యలో అద్దం దిగే ఖాళీ, లోపలి రేకుకు అరచేయి పట్టేంత కంతలు. స్పీకర్ కోను ముందుకు తోసే గాలి ఒకటి, వెనక్కి తోసే గాలి ఒకటి. ఈ రెండూ ఆ కంతల్లోంచి కలిశాయా, లోతైన శబ్దంలో ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. రేకు అదరడం దానికి తోడు. బ్యూటైల్ షీటు, అంటే అల్యూమినియం పైపొర ఉన్న నల్ల జిగురు రబ్బరు, బయటి రేకుకి లోపలి వైపు అంటించి, లోపలి రేకు కంతలు మూసేస్తే అదే పాత స్పీకర్ కొత్తగా పలుకుతుంది. తలుపు వేసినప్పుడు డబ్బా చప్పుడు పోయి "ధబ్" మంటుంది. టైరు రొదా కాస్త తగ్గుతుంది. నాలుగు తలుపులకీ రమారమి పది, పదిహేను వేలు. ఒక్కటి దగ్గరుండి చూసుకో. తలుపు అడుగున వాననీళ్లు పోయే రంధ్రాలుంటాయి, వాటిని మూయనివ్వకు. మూస్తే రెండు వానాకాలాల్లో తుప్పు ఖాయం.

ఆ తర్వాత ముందు తలుపులకు ఒక మంచి కాంపోనెంట్ జత, అంటే లోతైన శబ్దం పలికే ఊఫర్ విడిగా, సన్నటి శబ్దం పలికే ట్వీటర్ విడిగా ఉన్నది. పది వేల అటూ ఇటూ మంచివి దొరుకుతాయి. వెనక స్పీకర్ల జోలికి పోకు, నువ్వు కూర్చునేది ముందు. అంతటితో సరిపోలేదు అనిపిస్తే చిన్న ఆంప్లిఫయర్. సీటు కింద పెట్టే సబ్‌ఊఫర్ గురించి అడిగావు కదా, కొనేముందు సీటు కింద చెయ్యి పెట్టి చూడు. చాలా కార్లలో వెనకవాళ్ల కాళ్లకు ఏసీ గాలి పోయే గొట్టం అక్కడే ఉంటుంది.

వాట్ల మాటలు నమ్మకు. స్టీరియో డబ్బా మీద "50 వాట్లు ఇంటూ 4" అని ఉంటుంది. బండి ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు వచ్చేది 14.4 వోల్టులు, స్పీకర్ నాలుగు ఓములు, లెక్క కడితే శుభ్రంగా వచ్చేది 20 వాట్ల చుట్టుపక్కలే. "1000 వాట్లు" అని రాసిన వాటిని చూసి నవ్వుకుని, ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా నిలకడగా ఇచ్చే వాట్లు, ఎంతో అడుగు. చెప్పలేకపోతే బయటికి వచ్చెయ్.

వీటన్నిటికంటే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. నీ పాటల యాప్‌లో క్వాలిటీ "డేటా సేవర్" మీద ఉందేమో చూడు. ఎవరో ఎప్పుడో క్యాసెట్ నుంచి ఎక్కించిన వీడియోలోంచి పాట వింటూ స్పీకర్లను తిట్టే కస్టమర్లు నాకు బాగా తెలుసు. బ్లూటూత్ పాటను కుదించి పంపుతుంది. కేబుల్ పెట్టి వింటే అదే పాట తేటగా ఉంటుంది. వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో అయినా నయమే, అది శబ్దాన్ని వైఫై మీద పంపుతుంది. మీ అమ్మ వినే 1950ల నాటి పాటలు మోనోలో రికార్డయినవి. వాటికి పదహారు స్పీకర్లు పెట్టినా లేని స్టీరియో రాదు, గొంతు శుభ్రంగా ఉంటే చాలు.

షోరూంలో నువ్వు విన్నది వాళ్ల పాట, వాళ్ల సెట్టింగ్, ఇంజన్ ఆపిన కారు. దాని మీద నిర్ణయం వద్దు. నీ ఫోన్లో నీకు కంఠతా వచ్చిన పాటలు ఒక నాలుగు పెట్టుకుని వెళ్లు. ఒకటి ఒంటి గొంతు, ఒకటి కచేరీ, ఒకటి తీన్మార్ డప్పుల గోల, ఒకటి ఏదైనా కొత్త సినిమా పాట. బేస్, ట్రెబుల్ సున్నా మీద పెట్టించు, సరౌండ్ లాంటి హంగులు ఆపించు. ఒకేరోజు మధ్య వేరియంట్ కూడా తెప్పించుకుని రెంటినీ ఔటర్ రింగ్ రోడ్డు మీద 80లో విను. వాల్యూమ్ రెండింట్లోనూ ఒకేలా ఉండేలా చూసుకో, ఎందుకంటే కాస్త గట్టిగా పలికిందే బాగుందనిపించడం చెవి స్వభావం. సేల్స్ వాళ్లకు ఆ సంగతి తెలుసు. "స", "శ" అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయా, డప్పు దెబ్బ టక్కున ఆగుతోందా సాగుతోందా, అరగంటకు విసుగొస్తోందా, ఇవి గమనించు. రోడ్డు మీద తేడా వెతుక్కోవాల్సి వస్తే నీకు ఆ తేడా అక్కర్లేదని అర్థం.

బయట చేయించేటప్పుడు నాకు భయమేసే విషయాలు రెండు. వైర్లు కోయడం మొదటిది. కారుకి సరిపోయే కప్లర్, అంటే కారు వైర్ల ప్లగ్గులో నేరుగా కూర్చునే జోడు ప్లగ్గు, పెట్టి బిగించాలి. ఒరిజినల్ వైరు కోసి టేపు చుడితే వారంటీ దగ్గర పేచీ వస్తుంది. ఆంప్లిఫయర్‌కు బ్యాటరీ నుంచి తీసే వైరుకి, బ్యాటరీకి జానెడు, మహా అయితే మూరెడు లోపల ఫ్యూజు ఉండి తీరాలి. అది లేకుండా వైరు ఎక్కడైనా రేకుకి రాసుకుందంటే కారు తగలబడుతుంది, అతిశయోక్తి కాదు. రెండోది ఎయిర్‌బ్యాగ్. ఇప్పటి కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ముందద్దం పక్క స్తంభం వరకూ వస్తుంది. అక్కడ ట్వీటర్ బిగిస్తానంటే ఒప్పుకోకు. పసుపు రంగు కప్లర్ ఎయిర్‌బ్యాగ్ వైర్లది, దాన్ని ముట్టుకోబోతే ఆపు.

ఇంకోమాట. టాప్ వేరియంట్ తీసుకున్నావంటే ఆ సిస్టమ్ జోలికి పోకు. అలాంటివాటిలో తరచుగా తక్కువ ఓముల స్పీకర్లు, వాటికి తగ్గ ఆంప్లిఫయర్ ఉంటాయి. ఒక స్పీకర్ మార్చితే సర్దుబాటంతా చెడుతుంది. అమ్మేటప్పుడు టాప్ వేరియంట్‌కి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి, బయట పెట్టించిన స్పీకర్లకు పైసా రాదు. అందుకే మధ్య వేరియంట్‌లోని ఒరిజినల్ స్పీకర్లు అట్టపెట్టెలో పెట్టి అటక మీద దాచు. కారు అమ్మే రోజు అవి మళ్లీ బిగించి, కొత్తవి తర్వాతి కారుకు వాడుకోవచ్చు.

నన్ను ఒక్కమాటలో చెప్పమంటే, నీ రోజువారీ దారికి, నీ జీతానికి మధ్య వేరియంట్ చాలు. మూడు నెలలు అలాగే నడుపు. చాలామందికి ఈలోపే సరదా తీరిపోతుంది. తీరకపోతే తలుపులు, ముందు జత, మొత్తం పాతిక వేలలో అయిపోతుంది. ఏడాస్ కోసమో, మీ నాన్న నడుము నొప్పికి మంచి సీట్ల కోసమో టాప్ తీసుకుంటానంటే అది వేరే సంగతి, నేను కాదనను.

శనివారం టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే షోరూంలో ఎవరో ఒకరు "ఈరోజు బుక్ చేస్తేనే ఈ ధర" అంటారు. డ్రైవ్ అయ్యాక డబ్బు కట్టకుండా ఇంటికొచ్చి నాకు ఫోన్ చెయ్యి. అమ్మాయికి ఏది నచ్చిందో కూడా చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య