నెగటివ్ కంట్రోల్‌లో లేతగా బ్యాండ్ వస్తే రిపోర్ట్ ఇవ్వొచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఆక్వా ల్యాబ్‌లో కొత్తగా చేరారు. రొయ్య సీడ్‌లో, అంటే చెరువుల్లో వదిలే పిల్లల్లో, వైట్ స్పాట్ వైరస్ ఉందేమోనని నెస్టెడ్ పీసీఆర్ చేస్తున్నారు. వైరస్ డీఎన్‌ఏ ముక్కని రెండు స్టెప్పుల్లో కోట్ల కాపీలుగా పెంచి చూసే టెస్ట్ అది. డీఎన్‌ఏ బదులు నీళ్లు వేసిన ట్యూబ్‌కి (అదే నెగటివ్ కంట్రోల్) కూడా జెల్ మీద లేతగా బ్యాండ్, అంటే పెరిగిన డీఎన్‌ఏ గీత, కనిపిస్తోంది. "శాంపిల్‌లో ముదురుగా ఉంది కదా, రిపోర్ట్ ఇచ్చేయ్" అంటున్నారు మీ సీనియర్.

ఇవ్వకండి. ఆ బ్యాండ్ వైరస్ ముక్క ఎత్తులోనే ఉంటే ఆ రన్ మొత్తం చెల్లదు. నెల్లూరు వైపు ఇవే టెస్టులు చేసే ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను, ఈ బ్యాండ్‌తో తల పట్టుకున్న రోజులు చాలా ఉన్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నెస్టెడ్‌లో మొదటి స్టెప్‌కి 1447 బేస్ పెయిర్ల (డీఎన్‌ఏ పొడవు కొలత) ముక్క వస్తుంది, రెండో స్టెప్‌కి దాని లోపలి 941 ముక్క వస్తుంది. మొదటి స్టెప్‌లోనే బ్యాండ్ పడితే వైరస్ బాగా ఉన్నట్టు, రెండో స్టెప్‌లో మాత్రమే పడితే కొద్దిగా ఉన్నట్టు. సీడ్‌లో మనం పట్టుకోవాలనుకునేది ఎక్కువగా ఈ రెండో రకాన్నే. పైకి హుషారుగా ఈదుతూ లోపల కొంచెం వైరస్ మోస్తున్న పిల్లలవి. కంటామినేషన్ వల్ల, అంటే బయటి డీఎన్‌ఏ ట్యూబ్‌లో పడడం వల్ల, వచ్చే బ్యాండ్ కూడా సరిగ్గా అలాగే, 941 దగ్గర లేతగా ఉంటుంది. జెల్ మీద చూసి ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా కంటామినేషన్ అన్ని ట్యూబుల్లోనూ సమానంగా పడదు, కాబట్టి "నీళ్లలో ఇంత ఉంది, శాంపిల్‌లోంచి అంత తీసేద్దాం" అనే లెక్క కుదరదు. మీరిచ్చే కాగితం చూసి హేచరీవాళ్లు ఒక ట్యాంకు పిల్లల్ని మొత్తం పారబోయాల్సి రావచ్చు.

ఇంత చిన్న తేడాకి ఇంత హడావుడి ఎందుకంటే, ఒక్క కాపీతో మొదలైనా, సైకిల్‌కి రెట్టింపు చొప్పున 30 సైకిళ్లు పూర్తయ్యేసరికి లెక్క ప్రకారం 107 కోట్ల కాపీలవుతాయి. నిజంగా చేసినప్పుడు అంత రాదు, అయినా అంచనాకి పనికొస్తుంది. 25 మైక్రోలీటర్ల ట్యూబ్ మూత తీసినప్పుడు మైక్రోలీటర్‌లో వెయ్యో వంతు తుంపర పైకి లేచిందనుకోండి. అది కంటికి కనపడదు, కానీ అందులో నలభై వేలకు పైగా కాపీలుంటాయి. మన టెస్టేమో పదుల్లో ఉన్నా పట్టేస్తుంది.

ముందుగా బ్యాండ్ ఏ ఎత్తులో ఉందో లాడర్ (పొడవు తెలిసిన డీఎన్‌ఏ ముక్కల వరస) పక్కన పెట్టి చూడండి. 100 కన్నా కిందే చెదిరినట్టు మసకగా ఉంటే అది ప్రైమర్ డైమర్, అంటే ప్రైమర్లు (పెంచాల్సిన ముక్క చివర్లకి అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఒకదానికొకటి అంటుకుని పెరిగింది. దానికి భయపడక్కర్లేదు. సరిగ్గా 941 దగ్గరుంటే మాత్రం వెతుకులాట మొదలుపెట్టాలి.

దీనికి నేను ఎప్పుడూ రెండు నీళ్ల ట్యూబులు పెట్టేదాన్ని. ఒకటి మొదటి స్టెప్ నుంచి చివరిదాకా శాంపిల్స్‌తో పాటే నడుస్తుంది. రెండోది రెండో స్టెప్‌లో కొత్తగా పెట్టేది. ఈ రెండో దాంట్లో బ్యాండ్ వస్తే తప్పు రెండో స్టెప్‌కి కలిపిన మిక్స్‌లోనో, దాని ప్రైమర్లలోనో, నీళ్లలోనో, అది కలిపిన పిపెట్‌లోనో ఉంది. అది శుభ్రంగా ఉండి మొదటిదాంట్లో మాత్రమే వస్తే మొదటి మిక్స్‌నో, ఒక స్టెప్ నుంచి ఇంకో స్టెప్‌కి మార్చిన సమయాన్నో అనుమానించాలి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మొదటి మిక్స్‌లో 941 ముక్కలు పడితే మొదటి స్టెప్ జెల్‌లో ఏమీ కనపడదు, ఎందుకంటే బయటి ప్రైమర్లు అతుక్కునే చోట్లు ఆ ముక్కలో లేవు. అవి అలాగే కూర్చుని రెండో స్టెప్‌లో బయటపడతాయి. మొదటి జెల్ శుభ్రంగా ఉందని మొదటి మిక్స్‌ని వదిలేయొద్దు.

ఈ కంటామినేషన్ ఎక్కడి నుంచి వస్తుందంటే, నేను చూసినంతలో దాదాపు ఎప్పుడూ మనమే పెంచిన పాత ప్రొడక్ట్ నుంచే. మా ల్యాబ్‌లో ఒకసారి వరసగా అన్ని రన్‌లూ పాడయ్యాయి. ప్రైమర్లు మార్చినా, నీళ్లు మార్చినా, ఎంజైమ్ మార్చినా బ్యాండ్ పోలేదు. తీరా చూస్తే జెల్ లోడ్ చేసే టేబుల్ మీది పిపెట్‌ని ఎవరో మిక్స్ కలిపే గదిలోకి తెచ్చారు. దాని మొన విప్పి లోపల తడిపిన స్వాబ్‌తో తుడిచి, ఆ నీటినే శాంపిల్ డీఎన్‌ఏ చోట వేస్తే 941 దగ్గర మెరిసిపోతూ బ్యాండ్ వచ్చింది. మీరూ ఇలా పిపెట్లు, రాకులు, ఫ్రిజ్ హ్యాండిల్ తుడిచి చూడొచ్చు. ఐస్ బాక్స్, మార్కర్ పెన్, ఏప్రాన్, చేతిలోని ఫోన్ కూడా ఒక గది నుంచి ఇంకో గదికి మోసుకెళ్తాయి.

శుభ్రం చేయడం దగ్గర ఒక అలవాటు మానుకోవాలి. స్పిరిట్‌తో తుడిస్తే సూక్ష్మక్రిములు చస్తాయేమో గానీ డీఎన్‌ఏ పోదు. దానికి బ్లీచే కావాలి. మామూలు బ్లీచ్‌ని పదింతలు పలచన చేసి తుడిచి, పది నిమిషాలు ఉంచి, తర్వాత నీళ్లతో తుడవండి, లేదంటే లోహం తుప్పు పడుతుంది. యూవీ లైట్ సాయపడుతుంది గానీ చిన్న ముక్కల మీద, ఎండిపోయిన డీఎన్‌ఏ మీద అంత పని చేయదు. వాడేసిన ట్యూబుల్ని మీ గదిలో ఆటోక్లేవ్ చేయకండి, మూతలు ఊడి ఆవిరితో పాటు అంతా వ్యాపిస్తుంది. మూత తెరవకుండా కవర్లో కట్టి పంపేయాలి.

యూఎన్‌జీ ఎంజైమ్ వాడమని ఎవరైనా సలహా ఇస్తారు. పాత ప్రొడక్ట్‌లో యురాసిల్ (మామూలు డీఎన్‌ఏలో ఉండనిది, కావాలని మిక్స్‌లో కలిపేది) ఉంటే అది గుర్తుపట్టి నాశనం చేస్తుంది. ఒకే స్టెప్ టెస్టుకి బాగుంటుంది. నెస్టెడ్‌లో అయితే రెండో స్టెప్‌కి కావలసిన మొదటి ప్రొడక్ట్‌నే తినేస్తుంది కాబట్టి మీకు కుదరదు. వీలైతే రియల్ టైమ్ పీసీఆర్‌కి మారమని మేనేజ్‌మెంట్‌ని అడగండి. కోవిడ్ టెస్టుల్లో సీటీ విలువలు ఇచ్చిన పద్ధతే అది. మూసిన ట్యూబ్‌లోనే యంత్రం కొలిచేస్తుంది, మూత మళ్లీ తెరవాల్సిన పనే ఉండదు.

ఈలోగా: మిక్స్‌కి వేరే చోటు, వేరే పిపెట్లు, ఫిల్టర్ టిప్స్. ప్రైమర్లు, నీళ్లు చిన్నచిన్న ట్యూబుల్లో పంచి పెట్టుకుని, అనుమానం వస్తే ఆ ట్యూబ్ పారేయండి. మొదటి స్టెప్ ట్యూబుల్ని తెరిచేముందు ఒకసారి స్పిన్ చేయండి, మూత లోపల పట్టిన తడి కిందికి దిగుతుంది. పాజిటివ్ కంట్రోల్‌ని (వైరస్ ఉందని ముందే తెలిసిన డీఎన్‌ఏ) అన్నిటికన్నా చివర వేయండి, అదీ జెల్ మీద కళ్లు చెదిరేంత కాకుండా, ఓ మాదిరిగా కనపడేంత పలచన చేసి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న శాంపిల్స్ సంగతి. ముందు ట్యూబులన్నిటిలో నీళ్లే వేసి ఒక రన్ పెట్టండి. వరసగా రెండుసార్లు శుభ్రంగా వచ్చాక ఎథనాల్‌లో దాచిన మిగతా పిల్లల నుంచి మళ్లీ డీఎన్‌ఏ తీయండి. పాత డీఎన్‌ఏ ట్యూబ్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. పెద్ద పిల్లలైతే కళ్లు తీసేయండి, వాటిలోని పదార్థం పీసీఆర్‌ని ఆపేస్తుంది. రొయ్య జన్యువుకి వచ్చే 848 బ్యాండ్ కంట్రోల్ కూడా పెట్టండి. అది రాకపోతే నెగటివ్ రిపోర్ట్ కూడా ఇవ్వకూడదు, డీఎన్‌ఏ సరిగ్గా రాలేదనో, పీసీఆర్ నడవలేదనో అర్థం. హేచరీవాళ్లకి ఈరోజే ఫోన్ చేసి రిపోర్ట్ ఆలస్యమవుతుందని, టెస్ట్ మళ్లీ చేస్తున్నామని చెప్పేయండి. సీడ్ లోడు బయల్దేరాక చెప్తే ఉపయోగం ఉండదు.