నాగార్జున నటన ఎదిగిన తీరు తెలియాలంటే ఏ సినిమాలు, ఏ వరుసలో చూడాలి?

అడిగినవి రెండు. నాగార్జున తన నాన్నగారు అక్కినేని నాగేశ్వరరావు పేరు మీదే నెట్టుకొచ్చారా అన్నది ఒకటి, ఆయన నటన ఎదిగిన తీరు తెలియాలంటే ఏవి చూడాలి అన్నది ఇంకోటి. మొదటిదానికి జవాబు రెండోదాంట్లోనే దొరుకుతుంది.

అన్నీ విడుదలైన వరుసలో చూడబోతే 1987 దాటకముందే విసుగొచ్చి ఆపేస్తారు. ముందు 'విక్రమ్' (1986) ఒక అరగంట చూడండి, చాలు. అది హిందీ 'హీరో'కి రీమేక్. సినిమా ఆడింది గానీ కుర్రాడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఇంకా తెలీదు, గొంతు పల్చన, మాటలో విరుపు లేదు. వెంటనే నాగేశ్వరరావుగారి 'దేవదాసు' (1953)లో ఏదో ఒక సీను పెట్టుకుంటే లోటు ఎంతో తెలిసిపోతుంది.

తర్వాత దాసరిగారి 'మజ్ను' (1987). నటుడిగా మంచి పేరు తెచ్చిన సినిమా. కాకపోతే భగ్నప్రేమికుడంటే నాన్నగారి సొంత పొలం. అందులో కొడుకు ఎంత బాగా దున్నినా కౌలు కిందే జమ.

అసలు మలుపు 1989. 'గీతాంజలి'లో మణిరత్నం ఆయన చేత తక్కువ మాట్లాడించారు, చావు దగ్గరపడ్డ కుర్రాడి పాత్ర అయినా ఏడిపించలేదు. అదే ఏడాది అక్టోబరులో 'శివ' వచ్చింది, రామ్‌గోపాల్ వర్మకి మొదటి సినిమా. సైకిల్ చైన్ సీను అందరికీ గుర్తే, కానీ ఈసారి చైన్‌ను వదిలేసి మొహం చూడండి. వంగి, ఒక్క లాగులో చైన్ ఊడబెరుకుతాడు. కళ్లు పెద్దవి చేయడం, పళ్లు కొరకడం ఏమీ ఉండవు. లోటు అనుకున్న గొంతే ఇక్కడ పనికొచ్చింది, ఎందుకంటే శివ అరిచే మనిషి కాదు. ఎదుట రఘువరన్ కూడా గొంతు పెంచడు, అందుకే ఇద్దరి మధ్య సీన్లు అంత బిగువుగా ఉంటాయి. తెలుగుదే చూడండి. 1990 హిందీ రీమేక్‌లోనూ ఆయనే ఉన్నా, కాలేజీ వాతావరణం మనకు ఇంత దగ్గరగా తగలదు.

తర్వాత అయిదారేళ్లు హిట్లూ, దెబ్బలూ కలగాపులగం. కామెడీ టైమింగ్‌కి ఇ.వి.వి. 'హలో బ్రదర్' (1994) ఒక్కటి చూసి ముందుకెళ్లిపోవచ్చు.

'అన్నమయ్య' (1997) దగ్గర మాత్రం తొందరపడకండి. చాలామంది 'శివ' అవగానే ఇది పెట్టుకుని, మాస్ హీరో భక్తుడయ్యాడు అనుకుని ఊరుకుంటారు. మధ్యలో నాగేశ్వరరావుగారి 'విప్రనారాయణ' (1954) గానీ 'భక్త తుకారాం' (1973) గానీ చూసి రండి. కొడుకు మళ్లీ తండ్రి పొలంలోకే దిగాడని అప్పుడు అర్థమవుతుంది, ఈసారి సొంత నాగలితో. మొదటి సగంలో మరదళ్ల వెంట తిరిగే సరదా కుర్రాడు. చివర 'అంతర్యామి' దగ్గరకొచ్చేసరికి నడుం వంగి, చూపు సన్నగిల్లిన ముసలాయన. మేకప్ కంటే భుజాలు గమనించండి, వయసు అక్కడ దిగింది. బాలుగారి గొంతు సగం పని చేసిందన్నదీ నిజమే. కీరవాణికి సంగీతానికి, నాగార్జునకు స్పెషల్ మెన్షన్‌గా జాతీయ అవార్డులు వచ్చాయి. అన్నమయ్యకు మీసం ఏమిటని గొడవ పడే వాళ్లతో వాదించి లాభం లేదు.

'ఊపిరి' (2016)లో మెడ కింద శరీరం కదలని పాత్ర, చక్రాల కుర్చీలోనే ఉంటాడు. ఒక పది నిమిషాలు సౌండ్ ఆపేసి చూడండి. 'విక్రమ్'లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి ఇక్కడ చేతులే లేకుండా లాక్కొచ్చాడు. 'కుబేర' (2025) కూడా వీలుంటే చూడండి, హీరో పక్కన నిలబడటానికి మొహమాటపడని వయసు అది.

'మనం' (2014) ఆఖరికి ఉంచుకోండి, ఇంటి సంగతి తెలిస్తేనే రుచి. నాగేశ్వరరావుగారు ఆ జనవరిలో పోయారు. సినిమా మే 23న వచ్చింది, 'విక్రమ్' వచ్చిన తేదీ అదే. చూసేటప్పుడు పేర్ల దగ్గర తికమకపడతారు: అందులో నాగేశ్వరరావుగారి పేరు చైతన్య, నాగార్జున పేరు నాగేశ్వరరావు, నాగచైతన్య పేరు నాగార్జున. ఎవరు ఎవర్ని నాన్న అంటున్నారో మొదటి అరగంటలోనే కాగితం మీద రాసుకోండి.