జ్ఞానం, వెర్రితనం, హృదయం: మా తమ్ముడి ఒక్క జవాబుతో నాకు అర్థమైంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బైబిల్లోని సామెతల గ్రంథం హృదయాన్ని భద్రంగా కాపాడుకొమ్మంటుంది. ప్రవక్త యిర్మీయా "హృదయము అన్నిటికంటె మోసకరమైనది" అంటాడు. అపొస్తలుడు పౌలేమో లోకజ్ఞానాన్ని వెర్రితనం అంటాడు. మరి విశ్వాసి బుర్రను నమ్మాలా, మనసును నమ్మాలా, రెండూ పక్కన పెట్టేయాలా? పైగా అడిగినప్పుడల్లా సంఘంలో పెద్దవాళ్ళు "ఎక్కువ ఆలోచించకు, నమ్ము చాలు" అంటున్నారని రాశారు. నేను వేదాంతం చదువుకోలేదు, కానీ ఈ విషయంలో గట్టి దెబ్బే తిన్నాను. అది చెప్తాను.

చిన్నప్పటి నుంచి నాకు వాక్యం కంఠతా వచ్చేది. సామెతల్లో 31 అధ్యాయాలున్నాయి కదా, రోజుకొకటి చొప్పున నెల నెలా చదివేవాణ్ణి. ఎవరు ఏ సమస్య చెప్పినా దానికి సరిపోయే వచనం నాలుక చివర ఉండేది. అదే జ్ఞానం అనుకున్నాను.

నాన్నకు పక్షవాతం వచ్చాక తమ్ముడి దగ్గరే ఉండేవారు. నేను వేరే ఊళ్ళో. కొన్ని నెలలుగా తమ్ముడు ఆరాధనకు రావడం లేదని తెలిసి, ఒక రాత్రి ఫోన్‌లో పెద్ద మెసేజ్ రాశాను. మొత్తం పదిహేడు వచనాలు. మధ్యలో 14వ కీర్తన కూడా పెట్టాను: "దేవుడు లేడని బుద్ధిహీనులు తమ హృదయములో అనుకొందురు." తెల్లారాక వాడి జవాబు వచ్చింది.

"అన్నయ్యా, నాన్నను రాత్రి మూడుసార్లు పక్క మార్చాలి. ఆదివారం ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, నోట్లో పెట్టేసరికి పదకొండవుతుంది. ఇది నువ్వు ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. "సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువాడు తన మూఢతను బయలుపరచి సిగ్గునొందును" అని సామెతలు 18:13లో ఉంది. ఆ వచనం కూడా నాకు కంఠతా వచ్చు.

ఆ తర్వాత చాలా రోజులు బైబిల్లో "బుద్ధిహీనుడు" అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతుకుతూ కూర్చున్నాను. 14వ కీర్తనలో ఆ మాటకు పాత నిబంధన మూలభాష హెబ్రీలో ఉన్నది "నాబాల్". అదే పేరున్న మనిషి 1 సమూయేలు 25లో కనిపిస్తాడు. నాబాలుకు మూడు వేల గొర్రెలు, వెయ్యి మేకలు. ఆస్తి అంత పెంచినవాడికి లెక్కలు తెలియవని అనలేం. అతని గొర్రెల కాపరులకు అండగా ఉన్న దావీదు, మనుషుల్ని పంపి తిండి అడిగితే, నాబాలు వాళ్ళను తిట్టి పంపేశాడు. దావీదు కత్తి కట్టుకుని బయలుదేరాడు. అప్పుడు నాబాలు పనివాడే నాబాలు భార్య అబీగయీలుతో ఏం చెప్తాడో చూడండి: ఆయనతో ఎవరూ మాట్లాడలేరు. నాబాలు వెర్రితనం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. అతనికి చెప్పేదారి లేదు. అబీగయీలు మాత్రం ఆ పనివాడి మాట విని, అప్పటికప్పుడు గాడిదల మీద రొట్టెలు, ద్రాక్షారసం వేయించుకుని దావీదుకు ఎదురెళ్ళింది. ఆమెను బైబిలు సుబుద్ధి గలది అంటుంది. ఇద్దరికీ చేరింది ఇంచుమించు ఒకే కబురు. ఆమె విన్నది, అతను వినలేదు.

కాబట్టి బైబిలు చెప్పే వెర్రితనానికీ తెలివి తక్కువ కావడానికీ సంబంధం చాలా తక్కువ. బాగా చదువుకున్నవాళ్ళలోనూ అది ఉంటుంది. సామెతలు 12:15 చూస్తే, మూఢుడి మార్గం అతని కంటికి సరిగ్గానే కనిపిస్తుంది, జ్ఞానం గలవాడు ఆలోచన చెప్తే ఒప్పుకుంటాడు.

ఇక హృదయం. మనం తెలుగులో హృదయం అంటే ప్రేమ, బాధ, ఆవేశం అనుకుంటాం. అందుకే "బుర్రా, మనసా" అనే పోటీ వస్తుంది. హెబ్రీలో "లేవ్" అనే మాటకు మనిషి ఆలోచించే చోటు, నిర్ణయం తీసుకునే చోటు అనే అర్థం కూడా ఉంది. మన తెలుగు బైబిల్లోనే అదే మాటను కొన్నిచోట్ల "మనస్సు" అని పెట్టారు. లోపలి భావాలకు హెబ్రీవాళ్ళు చాలాసార్లు మూత్రపిండాల పేరు చెప్పేవాళ్ళు, మన బైబిల్లో "అంతరింద్రియములు" అని కనిపించేది అదే. కాబట్టి హృదయాన్ని కాపాడుకొమ్మని సామెతలు చెప్తే, ఆలోచన పుట్టే చోటును కాపాడుకొమ్మని కూడా అర్థం. యిర్మీయా మోసకరం అన్నదీ ఆ చోటునే. నేను రాసిన పదిహేడు వచనాలూ నిజమే. వాటిని ఏరి తెచ్చిన హృదయం మాత్రం నన్ను మోసం చేసింది, తమ్ముడి మీద ప్రేమతోనే రాస్తున్నానని నమ్మించింది. "దాని గ్రహింపగలవాడెవడు?" అని అడిగిన యిర్మీయా అక్కడితో ఆపడు, హృదయాన్ని పరిశోధించేది నేనే అని దేవుడు వెంటనే తర్వాతి వచనంలోనే చెప్తాడు. కాబట్టి హృదయం చెప్పిందల్లా చేయనక్కర్లేదు, దాన్ని పారేయనూ అక్కర్లేదు. ఆయన ముందు తెరిచి పెట్టాలి.

పౌలు మాటకు వస్తే, అది కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరంలో సిలువ గురించి చెప్తూ అన్నది. సిలువ బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. అలా చనిపోయినవాణ్ణి రక్షకుడు అంటే కొరింథులో చదువుకున్నవాళ్ళకు వెర్రిగానే వినిపించి ఉంటుంది. గొప్పతనానికి మనం అలవాటుపడిన కొలతబద్దను దేవుడు అక్కడ పక్కన పెట్టాడు, అంతేగాని ఆలోచనను కాదు. అదే ఉత్తరం 14వ అధ్యాయంలో పౌలే "బుద్ధి విషయమై పెద్దవారలై యుండుడి" అని రాశాడు. మిమ్మల్ని ఆలోచించొద్దన్నవాళ్ళకు ఈ వచనం గౌరవంగా చూపించండి. ప్రశ్న అడగడం అవిశ్వాసం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

సొలొమోను రాజు గురించి ఒక మాట చెప్పాలి. అతను దేవుణ్ణి అడిగినదాన్ని మన బైబిలు "వివేకముగల హృదయము" అంటుంది, హెబ్రీలో ఉన్నది "వినే హృదయం". అతను మూడు వేల సామెతలు చెప్పాడు. అంత చెప్పినవాడి హృదయమే ముసలితనంలో దేవుడి నుంచి పక్కకు తిరిగింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. కానీ ఆ హృదయం దొరికిన కొత్తలో, ఒకే బిడ్డ కోసం ఇద్దరు తల్లులు వచ్చినప్పుడు అతను ఏం చేశాడో చదవండి. బిడ్డను రెండు ముక్కలు చేయడానికి కత్తి తెమ్మనే ముందు, ఈమె ఇలా అంటోంది, ఆమె అలా అంటోంది అని ఇద్దరి మాటలూ తిరిగి చెప్పాడు. ఎన్నోసార్లు చదివినా నేను ఆ వచనాన్ని దాటేసి కత్తి దగ్గరికి వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ నెలలోనే తమ్ముడి ఇంటికి వెళ్ళాను. బైబిలు సంచిలోంచి తీయలేదు. రాత్రి రెండింటికి వాడు లేస్తే నేనూ లేచాను. నాన్న భుజం కింద చెయ్యి ఎలా పెట్టాలో, నడుము దగ్గర దిండు ఎటు వేయాలో వాడు చూపించాడు. తర్వాత వంటింట్లో కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. ఆపాక, "నువ్వు చెప్పింది ఇదేనా?" అని వాడి మాటల్నే వాడికి చెప్పాను. ఒకచోట తప్పు చెప్పాను. వాడు సరిదిద్దాడు. మళ్ళీ చెప్పాను.