రైష్‌మన్ అంతటి పైలట్ ఆల్ప్స్‌లో ఎలా చనిపోయారు?

మీరు అడిగినవి రెండు. గ్లైడింగ్‌లో, అంటే ఇంజన్ లేని విమానాలు నడిపే క్రీడలో, మూడుసార్లు ప్రపంచ విజేత అయిన హెల్మూట్ రైష్‌మన్ అంతటివారే ఆల్ప్స్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయారంటే ఇంజన్ లేని విమానంలో కొండల మధ్య తిరగడం తెలిసి తెలిసి చావు కొనితెచ్చుకోవడం కాదా అన్నది ఒకటి. జర్మనీలో చదువుకుంటూ గ్లైడింగ్ క్లబ్బులో చేరిన మీ తమ్ముడి చేత అది మాన్పించాలా అన్నది రెండోది. నేను దక్షిణ జర్మనీలో ఉద్యోగం చేస్తూ అక్కడి క్లబ్బులోనే లైసెన్సు తెచ్చుకుని, ఫ్రాన్స్ వైపు ఆల్ప్స్‌లోనూ ఎగిరినవాణ్ణి కనుక, నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ఆయన మరణానికీ ఇంజన్ లేకపోవడానికీ సంబంధం లేదు. మంచి గ్లైడర్ కిలోమీటరు ఎత్తు నుంచి, కదలిక లేని గాలిలో సైతం, 40 కిలోమీటర్లు పోగలదు. 1970లో అమెరికాలోని మార్ఫాలో, 1974లో ఆస్ట్రేలియాలోని వైకెరీలో, 1978లో ఫ్రాన్స్‌లోని షాతోరూలో ప్రపంచ పోటీలు గెలిచిన రైష్‌మన్, 1992 మార్చి 10న ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో గ్లైడింగ్ శిక్షణ నడుపుతున్న రోజుల్లో, గాలిలో విమానాలు ఢీకొన్న ప్రమాదంలో మరణించారు. దూర ప్రయాణం ఎలా చేయాలో ఒక తరానికి నేర్పిన మనిషి ఆయన. మా క్లబ్బులోని పెద్దవాళ్లు ఆయన ప్రస్తావన వచ్చినప్పుడల్లా నైపుణ్యం గురించి కాక, చూపు గురించే మాట్లాడతారు. ఆ మాటలోని అర్థం పర్వతాల్లోకి వెళ్లాకే నాకు బోధపడింది.

మైదానం మీద పైకి లేచే గాలి ఎక్కడైనా దొరకవచ్చు. పర్వతాల్లో అలా కాదు. గాలి కొండవాలును తాకి పైకి లేచే చోటు, ఎండ తగిలి వేడెక్కిన రాతి ముఖం ముందరి చోటు, ఇవన్నీ శిఖరాల వెంట సాగే సన్నని దారులు. ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో సెయింట్ ఒబాన్ అనే ఊరి నుంచి బ్రియాన్‌సోన్ అనే ఊరి వైపు వెళ్లేవారు బ్లేయోల్, త్రోయిజెవెషే, దోర్మియూజ్, మోర్గాన్, గియోమ్ కొండలను వరుసగా పట్టుకుని పోతారు. తిరిగి వచ్చేవారికీ అవే వాలులు కావాలి. వాతావరణం బాగున్న సెలవు రోజున అక్కడి రద్దీ సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేటును తలపిస్తుంది, కాకపోతే ఇక్కడ బ్రేకు వేసి ఆగడం కుదరదు. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో రెండు గ్లైడర్లు ఎదురెదురుగా వస్తే, వాటి మధ్య ఉన్న కిలోమీటరు దూరం 15 సెకన్లలో కరిగిపోతుంది.

చూసి తప్పుకుంటే సరిపోతుంది కదా అంటారేమో. సూటిగా మన మీదికి వచ్చే గ్లైడర్, కాక్‌పిట్ అద్దంలోంచి చూస్తే, పక్కకు జరుగుతున్నట్టు కనిపించదు. జరగనిదాన్ని కన్ను పట్టించుకోదు. ముందు నుంచి దాని రెక్కలు ఒక సన్నని గీత మాత్రమే. పైగా రంగు తెలుపు, వెనుక మంచు శిఖరాలు. (వేరే రంగు వేయకూడదా అని నేనూ అడిగాను. ముదురు రంగు ఎండకు బాగా వేడెక్కుతుందట, అప్పుడు ఫైబర్‌ను పట్టి ఉంచే రెసిన్ మెత్తబడి రెక్క బలం తగ్గుతుందట.) పర్వతాల్లో నాకు శిక్షణ ఇచ్చినాయన వెనుక సీట్లో కూర్చుని, "ఎన్ని కనిపిస్తున్నాయి?" అని పదేపదే అడిగేవారు. ఒకసారి నేను రెండు అని చెప్పేలోపే అలారం మోగింది. మూడోది నాకు కనిపించింది మాత్రం అది మలుపు తిరుగుతూ రెక్కలు వాల్చిన తరువాతే.

ఆ అలారం ఫ్లార్మ్ అనే పరికరానిది. స్విట్జర్లాండ్‌లో తయారై 2004లో వచ్చింది. ప్రతి గ్లైడర్ తాను ఎక్కడ ఉన్నదీ, రాబోయే కొద్ది సెకన్లలో ఎటు పోబోతున్నదీ రేడియో ద్వారా చుట్టుపక్కల గ్లైడర్లకు తెలుపుతూ ఉంటుంది. 1992లో ఇది లేదు. అప్పుడు కన్నూ, నియమమే దిక్కు: ఎదురుపడితే కొండ ఎవరి కుడివైపున ఉంటే వారు సాగిపోతారు, రెండోవారు తమ కుడికి తప్పుకుంటారు, మలుపు ఎప్పుడూ కొండకు దూరంగా తిప్పాలి. పారాచూట్ అందరూ కట్టుకుంటారు గానీ, వాలుకు దగ్గరగా ఢీ జరిగితే దూకి అది విచ్చుకునేంత ఎత్తు చాలాసార్లు ఉండదు.

ఢీకొనడం ఒక్కటే ప్రమాదం అని మిమ్మల్ని నమ్మించలేను. దిగంతం కనిపించని లోయలో వాలును చూసి ముక్కు ఎత్తి, తెలియకుండానే వేగం తగ్గించుకుని, స్టాల్ అయి, అంటే రెక్కలు విమానాన్ని మోసే శక్తి కోల్పోయి, నేలను తాకిన అనుభవజ్ఞులూ ఉన్నారు.

ఇక మీ తమ్ముడి సంగతి. మొదటి రోజుల్లో అతను ఎగిరేది మైదానం మీద, గురువు పక్కనో వెనుకనో ఉండగా; ఆ దశలో ఆపవలసిన అవసరం నాకు కనిపించదు. పర్వత శిబిరానికి వెళ్తానని చెప్పిన రోజున మాత్రం గట్టిగా అడగండి: ఆ ప్రాంతం తెలిసిన శిక్షకుడితో రెండు సీట్ల గ్లైడర్‌లో ముందు ఎగిరించి చూస్తారా, క్లబ్బు గ్లైడర్లన్నింటిలో ఫ్లార్మ్ పనిచేస్తోందా, ఒంటరిగా పంపే ముందు కాదనే అధికారం ఎవరికి ఉంది? మూడోదానికి పేరు పెట్టి ఒక మనిషిని చూపించలేని క్లబ్బుతో పర్వతాలకు పంపవద్దు.