ముక్కుసూటితనం పెళ్లాం దగ్గరేనా?

ప్రశ్న: పెళ్లయి నాలుగేళ్లు. మావారి ఉద్యోగం వల్ల మూడేళ్లుగా జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాం. ఇక్కడివాళ్లు ఏదైనా మొహం మీదే అనేస్తారు. ఒకరోజు రాత్రి పదిన్నరకి దోసెల పిండి రుబ్బుతుంటే కింది ఫ్లాట్ ఆవిడ వచ్చి ఆపమంది. మర్నాడు సారీ చెబుదామని పులిహోర పట్టుకెళితే ‘వద్దు, నేను కారం తినను’ అని తలుపేసుకుంది. ఏడుపొచ్చేసింది. మావారు ఆ సంగతి స్నేహితుల ముందు చెప్పి నవ్వారు. బాధపడితే ‘వాళ్లలా డైరెక్ట్‌గా ఉండటం నేర్చుకో’ అంటారు. వంట బాగాలేదన్నా, నేను లావయ్యానన్నా అంతే డైరెక్ట్‌గా అంటారు. డాక్టర్ దగ్గర, బ్యాంకులో నా తరఫున ఆయనే మాట్లాడతారు. ఈ జర్మన్లతో ఎలా మసలుకోవాలి?

జవాబు: జర్మన్లతో మసలడం పెద్ద విద్యేం కాదమ్మా. అక్కడ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చప్పుడు చేయకూడదు, ఆదివారం కూడా జాగ్రత్తగా ఉండాలి. పిండి సాయంత్రమే రుబ్బుకోండి. ఇక పులిహోర. మనలా మూడుసార్లు వద్దని నాలుగోసారి గిన్నె అందుకునే అలవాటు వాళ్లకి లేదు. మీరైనా వాళ్లింటికెళ్లి మొహమాటానికి వద్దంటే మళ్లీ అడగరు, ఆకలితో ఇంటికి రావాల్సిందే. ఆవిడకి కారం పడదు, అంతే. ఆవిడ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

నన్ను కలవరపెట్టింది మీవారు. వంట బాలేదని మీతో అంత డైరెక్ట్‌గా చెప్పే మనిషి, సెలవురోజున చెప్పాపెట్టకుండా ఊడిపడే స్నేహితులతో ‘ఇవాళ కుదరదు’ అని ఎన్నిసార్లు అన్నారు? వాళ్లమ్మగారితో ఫోన్లో ఎన్నిసార్లు కాదన్నారు? ఒక్కసారీ అని ఉండరని నా అనుమానం. మొహమాటమంతా బయటివాళ్లకి, ముక్కుసూటితనమంతా పెళ్లానికి. మన తాతలూ ఇదే చేశారు. పాపం, వాళ్లు దానికి జర్మనీ పేరు పెట్టలేదు.

కింది ఫ్లాట్ ఆవిడ తన ఇబ్బందిని మీ తలుపు కొట్టి మీతోనే చెప్పింది. మీవారు మీ ఏడుపుని నలుగురి ముందు పెట్టి నవ్వించారు. నా లెక్కలో ఆవిడే మర్యాదస్తురాలు. జర్మన్‌లోనూ మనలాగే మీరు, నువ్వు వేరువేరు: జీ, డూ. పరిచయం లేని పెద్దవాళ్లని డూ అని పిలవడం అమర్యాద. పైగా ఒకరు సూటిగా అంటే ఎదుటివాళ్లూ సూటిగా జవాబివ్వొచ్చు, దాన్ని ఎదురు చెప్పడం అనుకోరు. ఆ సగాన్ని మీవారు నేర్చుకోలేదు.

భర్తని నలుగురిలో చిన్నబుచ్చకూడదని నమ్మే పాతకాలం మనిషినే నేను. భార్యనీ చిన్నబుచ్చకూడదన్నది కూడా అంతే పాతమాట. ఇద్దరే ఉన్నప్పుడు, తెలుగులోనే చెప్పండి: ‘నలుగురిలో నన్ను చూసి నవ్వారు. నాకు నచ్చలేదు. ఇంకోసారి వద్దు.’ చివర్న ‘ఏమనుకోకండి’ అని మాత్రం తగిలించకండి.

మీకూ ఒక చీవాటు. డాక్టర్ దగ్గర ఆయన మాట్లాడటం సాయమే అనుకుంటూ మూడేళ్లు గడిపేశారు. మీ ఒంట్లో నొప్పి మీ నోటితో చెప్పుకోలేకపోవడం నాకు భయంగా ఉంది. అక్కడ ఇంటిగ్రేషన్ కోర్సు ఉంటుంది. మామూలుగా 600 గంటలు భాష, 100 గంటలు ఆ దేశపు చట్టాలు, చరిత్ర, బతుకుతీరు నేర్పుతారు. బీ1 స్థాయి, అంటే రోజువారీ విషయాలు సొంతంగా మాట్లాడుకోగలిగే స్థాయి దాకా తీసుకెళ్లాలన్నది ఉద్దేశం. ఫోల్క్స్‌హోఖ్‌షూలె అనే వయోజన విద్యా కేంద్రాల్లో కూడా నడుపుతారు. మీకు అవకాశం ఉందో లేదో అక్కడికెళ్లి మీరే అడగండి. వచ్చీరాని జర్మన్‌లోనైనా సరే, ఆయన్ని వెంటబెట్టుకోకుండా వెళ్లండి.

క్లాసుకి వెళితే రాత్రి వంట ఎవరు చేస్తారంటారేమో. ఆయన్నే చేయమనండి. బాగాలేకపోతే డైరెక్ట్‌గా చెప్పండి.